కాశీలో వదిలేసిన ఎండుచేప

మొన్న కౌల్ బజారులో సబ్బు కొందామని వెళ్ళి, ఆటోకు దారిస్తూ ఒక దుకాణంలోకి ఒదిగితే, అరలో పిల్లుల తిండి పొట్లాలు కనిపించాయి. ఒకదాని మీద పెద్ద వయసు పిల్లులకు ప్రత్యేకం అని బొమ్మ వేసి మరీ రాశారు. పెద్ద వయసు మనుషులకు అట్లాంటిదేమైనా ఉందా అని అడగబోయి, దుకాణదారుది హాస్యం పడే ముఖం కాదని ఊరుకున్నాను. సబ్బు మరిచి తిరిగొచ్చాను గానీ, దారి పొడుగునా ముక్కులో మా పెద్దమ్మ వంటింటి వాసనే.

తెక్కలకోటలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరి, సిరిగేరిలో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో పోయొచ్చే కాలమది. కాలువ నీళ్ళను నమ్మి కోస్తా నుంచి వచ్చి వరి పెట్టిన తరం వాళ్ళది. మనుషులు ఇక్కడికొచ్చినా నాలుకలు అక్కడే ఉండిపోయాయి. అందుకని అటునుంచి ఎవరొచ్చినా ఎండుచేపల మూట తేవాల్సిందే. బస్సులో ఆ మూట పక్కన ఎవరూ కూర్చోకపోవడం తెచ్చేవారికి అదనపు సౌకర్యం. పెదనాన్న ముక్కను సగం కొరికి, మిగతా సగం కంచం పక్కన కాచుకున్న బూడిదరంగు పిల్లికి పెట్టేవారు. ఆయన పోయాక పెద్దమ్మ కాశీకి వెళ్ళి, ఇష్టమైనదొకటి అక్కడ వదలాలి కాబట్టి, ఎండుచేపను వదిలేసి వచ్చింది. కాశీలో కాకరకాయ వదిలి తప్పించుకున్నవాళ్ళను నేనెరుగుదును. ఆవిడకు ఆ తెలివి లేదు.

పిల్లి ముసలిదయ్యింది. ఒక వానాకాలం పాలు కూడా ముట్టడం మానేసి, గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి పోయేది. బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

"కిడ్నీలు పోయినాయి సార్, బాగయ్యేది కాదు. మందు ఇస్తా, కానీ ముందు దాని కడుపులోకి ఏదన్నా పోవాల. దానికేమిష్టమో అది ఉప్పు లేకుండా, వెచ్చగా పెట్టండి. తిన్నన్నాళ్ళు ఉంటాది, అంతే అప్పా" అన్నాడాయన.

ఆ మాట పెద్దమ్మకు చెప్పాను. పెదనాన్న చేతి తిండి తిన్న ప్రాణం ఆ ఇంట్లో అదొక్కటే మిగిలిందని నాకూ తెలుసు. మర్నాడు ఆవిడ ఎండుచేపను నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి ఉప్పంతా పోగొట్టి, ఉడికించి, ముళ్ళు తీసి వెచ్చవెచ్చగా పెడితే పిల్లి లేచి వచ్చింది. అయితే పిల్లలకు బెల్లంలో మాత్ర దాచి మింగించిన ఇల్లు కదా, మందు పొడినీ చేపలో దాచింది. చేదు తగిలిన క్షణం నుంచి పిల్లి ఆ చేపనే అనుమానించింది.

నాట్లకొచ్చిన ఆడమనిషి గడప దగ్గర నిలబడి నవ్వింది. "ఏందమ్మా, కొత్తల్లునికి చేసినట్ల చేస్తాండావు! అది యాడ తింటాదిలే."

"నువ్వు నాట్ల సంగతి చూడవే తల్లీ" అని ఆమెను పంపించి, పెద్దమ్మ పిల్లి ఎదుట కింద చతికిలబడింది. "ఏమే, నేను తింటే తింటావా?" అంటూ మందు కలపని ముక్క ఒకటి తీసుకుని, సగం తన నోట్లో వేసుకుని, తక్కిన సగం అరచేతిలో పట్టింది. పిల్లి ఆవిడ దవడలు ఆగేదాకా చూసి, అప్పుడు తింది.

"కాశీలో వదిలేశావు కదా పెద్దమ్మా" అన్నాను. చదువుకున్నవాణ్ణి, అనకుండా ఉండలేను.

"ఆయనడిగితే నేను చెప్పుకుంటాలే. నువ్వు పోరా, బస్సెళ్ళిపోతుంది."

ఆ తర్వాత మందును విడిగా నేతిలో రంగరించి పిల్లి కాలికి పూసేది. అది విసుక్కుంటూ నాకి శుభ్రం చేసుకునేది. అట్లా కోతల దాకా ఇద్దరూ కలిసి తిన్నారు. ఒక మధ్యాహ్నం పిల్లి లేవలేదు. పెద్దమ్మ ఎండుచేపను మళ్ళీ వదిలేసింది, ఈసారి కాశీకి వెళ్ళకుండానే.

ఆవిడా పోయి చాలా ఏళ్ళయింది. ఆ కాలంలో తిన్నావా అని మనల్ని అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగేవాళ్ళు కాదు. నేరుగా వచ్చి కంచంలోకి చూసేవాళ్ళు, మిగిల్చితే ఎదుట కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో అడిగేవాళ్ళకు కొరత లేదు, అందరూ ప్రేమగానే అడుగుతారు. తిన్నానంటాను. నమ్ముతారు.