మడిలో నాచు, మా బోటనీ మేడమ్

మా బోటనీ మేడమ్ పోయారు. గుణదలలో ఉండే నా స్నేహితురాలు ఆ కబురు తెస్తే మా నాన్న వెంటనే నమ్మలేదు. "ఎవరు చెప్పారమ్మా? నువ్వు కళ్లారా చూశావా?" అని అడిగారు. ఆమె తలూపాక కండువాతో మొహం కప్పుకున్నారు. అలా అడగడం నాన్నకు అలవాటు చేసింది మేడమే.

విజయవాడలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు పాఠం చెప్పారు. ఏ జవాబు చెప్పినా కళ్లజోడు పైనుంచి చూసి, "అనుకున్నావా, చూశావా?" అనేవారు. పాలు తెస్తే గోటి మీద ఓ చుక్క వేసి, అది నిలబడుతుందో జారిపోతుందో చూశాకే కాఫీ పెట్టుకునే మనిషి.

డెబ్బై నాలుగులో, వానాకాలం సార్వా వరికి యూరియా దొరకలేదు. అప్పుడు ఆవిడ ఎండబెట్టిన నాచు రేకుల సంచీతో కంకిపాడు దగ్గర మా ఊళ్లో బస్సు దిగారు. గాలిలోని నత్రజనిని పట్టి వరికి అందించే నీలాకుపచ్చ నాచు అది. నాన్న సంచీలో చెయ్యి పెట్టి వాసన చూశారు.

"నాచు కనబడితే మేం తీసి గట్టున పారేస్తామండీ. మీరేమో తెచ్చి చల్లమంటున్నారు. ఊరికే ఇస్తున్నారంటే ఇందులో మీకేంటండీ లాభం?"

"ఇది మీరు పారేసే నాచు కాదండీ. అయినా నన్ను నమ్మొద్దు. ఒక్క మడిలో చల్లి, యూరియా వెయ్యకుండా చూడండి."

పక్క చేను మా పెదనాన్నది. "కాలేజీవాళ్లు మన నేల మీద పరీక్షలు చేసుకుంటున్నార్రా! పంట పోతే ఆవిడొచ్చి కొలుస్తుందా గింజలు?" అన్నారాయన. నాన్న నా మొహం చూసి మడి ఇచ్చారు కానీ మనసివ్వలేదు. మేడమ్ వచ్చినప్పుడల్లా ఆవిడ వెనకే గట్టు మీద నడుస్తూ చేతుల్లో ఏముందో కనిపెట్టేవారు.

కొన్ని వారాలకు ఆ మడి ముదురాకుపచ్చకు తిరిగింది. నేను పొంగిపోయాను. మేడమ్ మొహం మాత్రం ముడుచుకుంది. సీసాలో మడినీళ్లు పట్టుకెళ్లి, కాలేజీలో మైక్రోస్కోపు కింద నన్ను చూడమన్నారు. పూసల దండల్లాంటి పోగులు కనిపించాయి.

"మధ్యమధ్య మందపాటి గోడతో లేతరంగు పూసలుండాలి. నత్రజనిని పట్టేవి అవే. మొదట్లో నిండుగా ఉన్నాయి. ఇప్పుడెక్కడ?"

వెతికాను. ఎక్కడో ఒకటీ అరా తప్ప లేవు.

"వండిన అన్నం దొరికితే ఎవరైనా పొయ్యి వెలిగిస్తారా? దీనికెవరో యూరియా పెట్టారు."

పెదనాన్న చేలోంచి ఎరువునీళ్లు వచ్చాయేమోనన్నాను. ఆవిడ మళ్లీ మా ఊరొచ్చి గట్టు పొడుగునా తిరిగారు. ఎక్కడా గండి లేదు. అప్పుడు నాన్న తల దించుకున్నారు.

"నేనేనండీ. దాచుకున్న కాస్త యూరియా చల్లేశాను. ఆకు పసుపు తిరుగుతుంటే చూళ్లేకపోయాను. మిమ్మల్ని నమ్మి పిల్లల నోటికాడ కూడు పోగొడతానేమోనని భయమేసింది."

ఆవిడ కోప్పడలేదు. "అనుమానం తప్పు కాదండీ. నాకు చెప్పకపోవడమే తప్పు. ఈ పైరు ఎవరు పెంచారో ఇప్పుడు మీకూ తెలీదు, నాకూ తెలీదు." అంత పచ్చగా ఉన్న మడిని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. కాలేజీలో పైవాళ్లకు చూపించుకోవడానికి ఆవిడ చేతిలో వేరే మడి లేదని నాకు తెలుసు.

మరుసటి ఏడు అదే మడిలో మళ్లీ నాచు చల్లారు, ఈసారి నాన్న యూరియా ముట్టుకోలేదు. పైరు యూరియా వేసిన చేలంత ఎత్తు రాలేదు, అయినా కంకి గింజ పట్టింది. "ఏమీ వెయ్యనిదాని కన్నా నయం, యూరియాకు సాటి కాదు. ఇంతకు మించి ఎవరికీ చెప్పకండి" అన్నారు మేడమ్. ఆ మాటతోనే నాన్నకు ఆవిడ మీద గురి కుదిరింది. పెదనాన్న కూడా ఓ సంచీ అడిగారు, నమ్మి కాదట, ఊరికే చూద్దామనట.

ఆవిడంటే నాకు కళ్లముందు నిలిచేది ఒక మిట్టమధ్యాహ్నం. ఎండ తగిలి మడినీళ్ల మీద నాచు బుడగలతో పైకి తేలింది. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, చీలమండల దాకా బురదలో నిలబడి, వంగి చూస్తున్నారు మేడమ్. ఇంతలో తన నీడ నాచు మీద పడుతోందని గమనించుకుని, నీళ్లు కదలకుండా మెల్లగా కాలు తీసి పక్కకు జరిగారు.