వీక్ అన్న మాట ఎక్కడ ఆగాలి

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో, టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తొంభైల మొదట్లో, చిలకలపూడిలో ఉండేవాళ్లం. తగ్గాక కూడా చాలా రోజులు అరుగు మీద మంచంలోనే గడిపాను. మధ్యాహ్నాలు సముద్రం వైపు నుంచి గాలి వచ్చేది. కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఎండ ఎర్రగా కదిలేది. నిద్రో మెలకువో తెలిసేది కాదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ బత్తాయిలు చేతిలో పెట్టి, పిల్ల బాగా వీకైపోయిందండీ అనేవారు. మా వీధిలో అన్నిటికీ అదే మాట. కరెంటు వీకు, లెక్కల్లో వీకు, గోడ వీకు.

మెల్లగా ఆ మాట నాకు రుచించింది. వీక్ అయితే నీళ్లు మొయ్యక్కర్లేదు, ఎక్కాలు అప్పజెప్పక్కర్లేదు. అసలు సంగతేమిటంటే, పది రోజుల్లో పెద్ద పరీక్షలు. నెలన్నర పాఠాలు పోయాయి, తప్పుతానని హడలిపోయాను. రాయకపోతే మళ్లీ ఐదులోనే కూర్చోవాలి, నా స్నేహితురాళ్లు ఆరుకి వెళ్లిపోతారు. అయినా రాసి తప్పడం కంటే అదే నయమనిపించింది. అమ్మ దగ్గర కాస్త మూలిగాను. అమ్మ ఇట్టే కరిగిపోయింది.

మా బడికి సెలవుచీటీ ఇంగ్లీషులో ఉండాలి. వీధిలో ఎవరికి కావాలన్నా రాసిపెట్టేది పక్కింటి అక్క. ఆవిడ ప్రైవేటుగా బి.ఏ. చదువుతూ, పగలంతా వాళ్ల అరుగు మీద రోల్డుగోల్డు గొలుసులు అల్లేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది. అమ్మ వెళ్లి, పిల్ల వీక్‌గా ఉంది, పరీక్షలు రాసే ఓపిక లేదని రాసిపెట్టమంది. అక్క నన్ను పంపమంది.

వెళ్లాను. సన్న సన్న రింగులు పళ్లెంలో మెరుస్తున్నాయి. అక్క పట్టకారు ఆపకుండానే, ఇంగ్లీషులో నీరసానికి బోలెడు మాటలున్నాయనీ, నాది ఏ రకమో తేలనిదే చీటీ రాయలేననీ చెప్పింది. ఫెయింట్ అంటే లేవగానే కళ్లు తిరిగి కాసేపటికి సర్దుకునేది. దూరం నుంచి లీలగా వినిపించే పాటకీ ఆ మాటే. ఫ్రెయిల్ అంటే వాళ్ల నాయనమ్మ. పుల్లలాంటి ఒళ్లు, అయినా ఆదివారం చర్చికి నడిచే వెళ్తుంది. డెలికేట్ అంటే మెల్లగా పట్టుకోవలసింది, అక్క ఒళ్లో ఉన్న గొలుసు. ఫీబుల్ అంటే చమురైపోయిన దీపం. ఆ మాటలో జాలితో పాటు చులకన కూడా ఉందట, నమ్మబుద్ధి కాని సాకుని కూడా ఫీబుల్ అంటారట. అలా అంటూ నా వైపు చూసి నవ్వింది. బాగా ఆలోచించుకుని ఒకటి ఎంచుకోమంది.

మూడు మధ్యాహ్నాలు మంచంలో పడుకుని ఆ మాటల్ని గాజుల్లా ఒక్కొక్కటే వేసుకుని చూసుకున్నాను. ఒక్కటీ సరిపోలేదు. కళ్లు తిరగడం ఎప్పుడో పోయింది. దొంగచాటుగా మావిడికాయ కోసుకోవడానికి గోడ కూడా ఎక్కాను. నాలుగో రోజు అక్క దగ్గరికి వెళ్లి, నాకు భయమేస్తోందని చెప్పి ఏడ్చేశాను.

అక్క పట్టకారు కింద పెట్టింది. "భయం ఈ మాటల్లో లేదే. దానికి సెలవివ్వరు" అంది.

ఉక్రోషం ఆపుకోలేక, మరి నీ కాలికి ఏ మాట అని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అక్క కాలు చాపి దాన్నే చూసుకుంది. "కాలికి వీక్ చాలు. కానీ ఆ మాట అక్కడే ఆగాలి. పైకెక్కనివ్వకూడదు."

చీటీలో, జబ్బుపడి లేచింది, పరీక్షలకు వస్తుంది అని రాసింది. మిగిలిన రోజులు గొలుసులు అల్లుతూనే నా చేత లెక్కలు చేయించింది. పరీక్షలు ఎలాగో గట్టెక్కాను. అందరితో పాటు ఆరులో కూర్చున్నాను.

ఈ మధ్య నాకు ఆపరేషన్ అయింది. చూడ్డానికొచ్చినవాళ్లు బత్తాయిలు పెట్టి, బాగా వీకైపోయారండీ అన్నారు. వాళ్లు వెళ్లాక, ఏది వీకని నన్ను నేనే అడిగాను. మోకాళ్లు, అవును. చేతిపట్టు, అదీ కొంచెం. మిగతా ఒళ్లంతా నిదానంగా వెతుక్కున్నాను. ఆ మాట అంతకంటే పైకి రాలేదు. లేచి, గోడ పట్టుకుని, అరుగు దాకా నడిచాను.