వీపు వెనక సముద్రం

కూర్చోబోయే ముందు నాగేంద్రమ్మ చెట్టు మొదలును అరచేత్తో తట్టేది, పాడిగేదె వీపు తట్టినట్టు. తర్వాత వీపు దానికి ఆనించి, ముఖం దారివైపు పెట్టి కూర్చునేది. వెనక చెట్టు ఉంటే వెనకనుంచి భయం లేదు. ముందు దారి ఉంటే వచ్చేవాడు కనపడతాడు. తోటలోనే కాదు, బస్టాండులో స్తంభం దగ్గరా, పెళ్ళిపందిట్లో గుంజ దగ్గరా అంతే. తట్టాలి, ఆనాలి, చూడాలి.

నూజివీడుకు పడమటి పక్కన చలపతిరావు మాస్టారి మామిడితోటకు ఆమె కాపలా. మొదట మొగుడు కాపలా ఉండేవాడు. అతను పాము కరిచి పోయాక అతని కర్ర, వడిసెల, తాటాకు పాక ఆమెకు మిగిలాయి. పిల్లలు లేరు. చుట్టాలు ఉన్నా వాళ్ళు కాయల కాలంలోనే గుర్తుకొచ్చే చుట్టాలు. కాయ దిగాక ఒక్కరూ రారు. అది ఆమె గమనించింది. ఆమె గమనించనిది ఏదీ లేదని తోట చుట్టుపక్కల అనుకునేవారు.

ఒక వేసవిలో బ్యాంకు గుమాస్తా బసవపున్నారావు తోట గట్టు మీదుగా పోతున్నాడు. మిట్టమధ్యాహ్నం. గొడుగు చంకలో ఉంది.

"ఎండ మండిపోతుంటే గొడుగు ముడిచి పెట్టుకున్నారేంటండీ?" అంది నాగేంద్రమ్మ.

"నా గొడుగు. నా ఇష్టం."

"మీ ఇష్టమేనండి. ఒక్కసారి విప్పండి, నేనూ నీడకొస్తాను."

విప్పితే చిన్నరసాలు దొర్లాయి.

అప్పటినుంచి ఆమె మాటకు తిరుగు లేదు. "కళ్ళారా చూశాను" అని ఆమె అన్నాక ఇంకొకరిని అడిగే పని లేదు. పట్టుబడినవాణ్ణి కొట్టేవారు, లేదా చెట్టుకు కట్టేసేవారు. ఆ తర్వాత ఏమైందన్నది ఆమె పట్టించుకునేది కాదు. చూడటం వరకే ఆమె పని.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడు, మాఘంలో, తోట మూల సిమెంటు స్తంభాలు దిగాయి. వాటి పక్కన ముళ్ళతీగ చుట్టలు. ఎందుకని ఆమె అడగలేదు. మాస్టారు చెప్పలేదు. పూత రాలి పిందె వచ్చింది, పిందె కాయ అయింది, కాయ కోత అయింది. స్తంభాలు అక్కడే ఉన్నాయి. కంచె వస్తే కాపలా ఎందుకు? కాపలా లేకపోతే పాక ఎందుకు? రోజూ పొద్దున లేచి ఆమె మొదట చూసేది ఆ స్తంభాలనే. తవ్విన గుంట ఏమైనా కనపడుతుందేమోనని.

చివరి కోత అయిన వారానికి మాస్టారి భార్య అహల్యమ్మ పాక దగ్గరికి వచ్చింది.

"నాగేంద్రం, బడులు తెరిచేలోగా అందరం సముద్రం చూసొద్దామనుకుంటున్నాం. బందరు, కాకినాడ, ఆ పైన ఎక్కడ బాగుంటే అక్కడ. డేరాలు తీసుకెళ్తున్నాం. నువ్వూ రా. సామాన్ల దగ్గర ఉందువుగాని."

"నేనెందుకమ్మగారూ?"

"సముద్రం చూడలేదుగా నువ్వు."

ఊరికే ఎవరూ ఎవరినీ సముద్రానికి తీసుకెళ్ళరు. ఇది నాగేంద్రమ్మకు తెలుసు. ముసలి ఎద్దుకు అమ్మే ముందురోజు తవుడు పెడతారు. లేదంటే ఇది పరీక్ష. తీసుకెళ్ళిన సామాను గరిటెతో సహా తిరిగి తెస్తుందా లేదా అని చూస్తున్నారు. పరీక్షే అయితే మంచిది. గరిటె కాదు, అగ్గిపెట్టెలో పుల్ల కూడా పోనివ్వదు. అప్పుడు ఏ ముఖంతో కంచె వేస్తారు? ఆమె కర్ర తీసుకుని వ్యానెక్కింది.

డేరాలు హనుమాన్ జంక్షన్‌లో అద్దెకు తీసుకున్నారు. డ్రైవరు రాయప్ప అక్కడివాడే. కర్ర చూసి నవ్వాడు.

"సముద్రాన్ని తోలడానికా అత్తా?"

"నిన్ను తోలడానికి. డేరా గుంజలు ఎన్ని ఎక్కించావు?"

"నేను తినేస్తానా గుంజల్ని?"

"తినేవాళ్ళు తింటామని చెప్పి తింటారా?"

బందరు దగ్గర మంగినపూడిలో అందరూ నీళ్ళలోకి దిగారు. అహల్యమ్మ మెడలో గొలుసు తీసి ఇచ్చింది. నాగేంద్రమ్మ దాన్ని చెంగున ముడివేసి, ముడిని బొడ్డులో దోపుకుని, విడిచిన బట్టల పక్కన కూర్చుంది. తట్టడానికి చెట్టు లేదు. వ్యాను చక్రం తట్టింది. నీళ్ళలోంచి దొంగ రాడు. వస్తే రోడ్డునుంచి రావాలి. అందుకని ముఖం రోడ్డువైపు పెట్టింది. సముద్రం ఆమె వీపు వెనక చప్పుడు చేస్తూ ఉండిపోయింది. పెద్ద తోటలో గాలి వీచినట్టు ఉంది, అంతే.

"ఎలా ఉంది నాగేంద్రం సముద్రం?" అని అడిగింది అహల్యమ్మ జుట్టు పిండుకుంటూ.

"ఉందమ్మగారూ," అని గొలుసు ఇచ్చేసింది.

కాకినాడలో సముద్రం పక్కన పార్కు. సిమెంటు బల్లలు, సిమెంటు కొంగ. అక్కడ కాపలావాడు ఈల మెడలో వేసుకుని నిద్రపోతున్నాడు. ఆమె కర్రతో బల్ల మీద కొట్టి లేపింది.

"ఏం పోతుందమ్మా ఇక్కడ?" అన్నాడతను కళ్ళు నులుముకుని. "గడ్డా?"

"నీ ఉద్యోగం."

అన్నాక ఆ మాట తనకే తగిలినట్టయి, ఇవతలికి వచ్చేసింది.

మూడోనాటి సాయంత్రం ఉప్పాడ దాటి, ఒక పల్లెకు అవతల సరుగుడు తోపులో డేరాలు వేశారు. చెట్లు కనపడగానే నాగేంద్రమ్మ తల పైకెత్తింది. అలవాటు. కాయ లేదు, పూత లేదు, ఆకు కూడా ఆకులా లేదు. కాయని చెట్టుకు ఇంత బారున తోపు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అయినా చెట్టు చెట్టే. ఒకదాన్ని తట్టి కూర్చుంది.

చీకటి పడకముందే ఒకతను వచ్చాడు. నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. భుజం మీద వల. సామాను వంక చూశాడు, సముద్రం వంక చూశాడు, మళ్ళీ సామాను వంక చూశాడు. పూత మీద తోట బేరమాడేవాడు చెట్టునూ మబ్బునూ చూసినట్టు.

"ఎక్కణ్ణించొచ్చేరండి?"

"ఎక్కణ్ణించొస్తే నీకెందుకు?"

"మరేం లేదండి. రేపు పున్నమి. మీ సామానంతా తోపులోనే ఉంచుకోండి."

"పున్నమైతే ఏరువాక. మాగాణి దున్నుకునేవాడికి. నీకేం పని పున్నమితో?"

అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఎందుకు నవ్వాడో ఆమెకు నచ్చలేదు.

"ఏమంటున్నాడత్తా?" అన్నాడు రాయప్ప.

"మన సామాను ఎక్కడుండాలో వాడు చెబుతున్నాడు."

"పాపం మంచికే చెప్పుంటాడు."

"తోపులో చెట్టుచాటు ఎవరికి వాటం? నీకా, నాకా?"

రాయప్ప ఆలోచించలేదు. అతనికి నిద్ర వస్తోంది.

తెల్లవారి కాఫీలయ్యాక అందరూ చెప్పులు డేరాల దగ్గరే విడిచి, పక్క ఊళ్ళో గుడికని వ్యానెక్కారు. నాగేంద్రమ్మ ఒక్కతే మిగిలింది. తోపు అటునుంచి తెరిచే ఉంది, ఇటునుంచి తెరిచే ఉంది. ప్రతి చెట్టు వెనకా ఒక మనిషి పడతాడు. తోపులోనే ఉంచుకోండి, అన్నాడు. ఆమె లేచింది. ట్రంకు పెట్టె, పక్కబట్టల హోల్డాలు, బియ్యం డబ్బా, స్టవ్వు, ఇత్తడి బిందె, అందరి చెప్పులు ఒక్కొక్కటే మోసుకెళ్ళి సముద్రం ఒడ్డున ఇసుకలో పెట్టింది. చుట్టూ చాటు లేదు. ఒక పక్క నీళ్ళు. ఆ పక్కనుంచి ఎవడూ రాడు.

ఇసుక మీద ఒకచోట నాచు, పుల్లలు, గవ్వలు బారుగా ఉన్నాయి. ఎవరో చీపురుతో ఊడ్చి చెత్తను వరసగా తోసినట్టు. ఆ వరసకు అవతల, నీళ్ళవైపు, ఇసుక గట్టిగా చదునుగా ఉంది. సామాను అక్కడ పెట్టింది. ట్రంకు పెట్టెను తట్టి, దానికి వీపు ఆనించి, తోపువైపు తిరిగి కూర్చుంది.

కొంతసేపటికి తోపులో ఆడవాళ్ళు కనపడ్డారు. రాలిన సరుగుడు ఆకు ఊడ్చి తట్టల్లో కుక్కుతున్నారు. నాగేంద్రమ్మ ఓర్చుకుంది. తర్వాత ఓర్చుకోలేకపోయింది. తోట ఎవరిదైనా తోటే. కర్ర పట్టుకుని వెళ్ళింది.

"ఎవర్నడిగి ఊడుస్తున్నారు?"

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "ఎవరమ్మా నువ్వు?" అంది ఒకామె. "మా తోపులో మాకే కాపలా వచ్చేవా? జీతం ఎవరిత్తన్నారు?"

మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు జవాబు వెతుక్కుంటూ వెనక్కి తిరిగిన నాగేంద్రమ్మకు, నిన్నటి మనిషి కనపడ్డాడు. ట్రంకు పెట్టె అతని నెత్తిన ఉంది. హోల్డాలు చంకలో ఉంది. వడివడిగా తోపువైపు పోతున్నాడు.

ఆమె ఆ వయసులో అంత పరుగు ఎప్పుడూ పెట్టలేదు. వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది. "దొంగ" అని అరిచింది. అతను పెట్టె దించి ఏదో చెప్పబోయాడు. ఆమె అరుపు ఆపలేదు. అప్పుడే గుడినుంచి వ్యాను వచ్చి ఆగింది. చలపతిరావు మాస్టారు దిగి వచ్చాడు.

"ఏంటి నాగేంద్రం?"

"ట్రంకు పెట్టె ఎత్తుకుపోతున్నాడు బాబుగారూ. కళ్ళారా చూశాను."

మాస్టారు అతని చెంప మీద కొట్టాడు. పిల్లల్ని కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి. అతను కదలలేదు. చెయ్యి ఎత్తి సముద్రంవైపు చూపించాడు.

నీళ్ళు నాచు వరస దాకా వచ్చి ఉన్నాయి. స్టవ్వు లేదు. బియ్యం డబ్బా పక్కకు ఒరిగి, నోరు తెరిచి, తెల్లగా కక్కుకుంటోంది. చెప్పులు ఒకటొకటే, ఎవరో తొడుక్కుని నడుస్తున్నట్టు, లోపలికి పోతున్నాయి. బిందె తేలుతోంది. ఇంకో అల వచ్చి డబ్బాను తీసుకుపోయింది.

నాగేంద్రమ్మ అతని మణికట్టు ఇంకా పట్టుకునే ఉంది. అది తెలిసి వదిలింది.

"మా నూకరాజు దొంగేంటమ్మా?" అంది తోపులోనుంచి వచ్చిన ఆడమనిషి. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

నూకరాజు నడుము లోతు నీళ్ళలోకి దిగి బిందె పట్టుకొచ్చాడు. నాగేంద్రమ్మ కాళ్ళ ముందు పెట్టాడు.

"నిన్ననే సెప్పేనుగదమ్మా," అన్నాడు. "పున్నమికి నీరు పైకొచ్చేత్తదని మీకు తెలుసనుకున్నాను." పల్లెవైపు వెళ్ళిపోయాడు. చెంప మీద వేళ్ళు తేలి ఉన్నాయి.

ఆ పగలు పక్క ఊరినుంచి తెప్పించిన అన్నం ఆమె ముట్టలేదు. సాయంత్రం మాస్టారి ముందు నిలబడింది.

"బాబుగారూ, ఆ మనిషి దగ్గరికి ఒకసారి పోయొద్దామండి."

"పోయి ఏమంటాం? జరిగిందేదో జరిగింది," అన్నాడాయన. ఆయన కొట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు. "రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. మిగతా సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

మిగతా సంగతి అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆయన వెళ్ళాక అహల్యమ్మ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"కంచె సంగతి నేను సర్దుతాలే. పెట్టె దక్కింది, అది చాలని చెబుతాను. ఇక ఆ మనిషి ఊసెత్తి ఆయన్ని కదపకు. పొద్దున వచ్చి వ్యానులో నోరు మూసుకుని కూర్చో. అంతే నువ్వు చెయ్యాల్సింది."

నాగేంద్రమ్మ తల ఊపింది. అంతకుముందు తను పట్టిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. అందరి దగ్గరా కాయలు దొరికాయా? ఒకడి దగ్గర దొరకలేదు. ముందే విసిరేశాడని అప్పుడు చెప్పింది. చెట్టుకు కట్టేశారు. విసిరేయడం చూసిందా?

మర్నాడు వెలుగు రాకముందే లేచి, కర్ర డేరా దగ్గరే వదిలేసి, పల్లె రేవుకు నడిచింది. నూకరాజు, అతని తమ్ముడు తెప్ప దుంగలు కట్టుకుంటున్నారు. ఆమెను చూసి తమ్ముడు పక్కనున్న అన్నం కేరేజీ తీసి తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. అది ఆమె చూసింది.

"మళ్ళీ ఏటమ్మా?" అన్నాడు నూకరాజు.

"నీ చొక్కా ఇక్కడ పెట్టి పో. నువ్వొచ్చేదాకా నేను చూస్తుంటాను."

"దాన్నెవరెత్తుకెల్తారండి?"

"ఎవరూ ఎత్తుకుపోరు. అయినా కూర్చుంటాను."

"ఎండెక్కిపోద్ది మేం వచ్చేసరికి. మీ బండి ఎల్లిపోద్ది."

"నువ్వు పోయి రా."

అతను చొక్కా విప్పాడు. ఇసుకలో పైకి నడిచి, నాచు వరస దాటి, ఇంకా నాలుగడుగులు పోయి, మడిచి పెట్టాడు. వెళ్ళి తెప్ప నీళ్ళలోకి తోశాడు.

నాగేంద్రమ్మ చొక్కా పక్కకు వచ్చింది. ఆనుకోవడానికి ఏమీ లేదు. ఇసుకను అరచేత్తో తట్టింది. పల్లెకూ తోపుకూ వీపు పెట్టి, సముద్రానికి ఎదురుగా కూర్చుంది. అది ఆమె అనుకున్నంత నీలంగా లేదు. మబ్బు రంగులో ఉంది. చాలా దూరం దాకా ఉంది.

వెనక తోపులో వ్యాను స్టార్టయింది. రాయప్ప హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. ఇసుకలో ఎవరో తనవైపు నడిచి వస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తెప్ప ఒక అలను ఎక్కి దిగింది. ఆమె దాన్నే చూస్తోంది.