చూసి తొక్కే కాలు

ముప్పై ఎనిమిదో ఏట రాయమల్లు ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. కొత్తవాడ సందులో తన ఇంటి నుంచి అన్న యాకయ్య ఇంటికి నూరడుగులు కూడా ఉండదు. ఆ నూరడుగుల్లోనే రెండుసార్లు చెప్పు ఊడి వెనకబడిపోయేది. నాలుగడుగులు వేశాక, ఎదురొచ్చినవాళ్ళు చెబితేనే తెలిసేది. చెప్పు వదులైందనుకొని కొత్త జత కొన్నాడు. కొత్తదీ జారింది. పందొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండాకాలం అది.

తప్పు చెప్పుది కాదని మగ్గం మీద బయటపడింది.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే మగ్గం, అన్న ఇంట్లో. పెళ్ళి పందిళ్ళలో పరిచే పన్నెండడుగుల జంపఖానాలు నేసే పెద్ద మగ్గం. దాన్ని ఒక్కడు నెయ్యలేడు. కుడిపక్క యాకయ్య, ఎడమపక్క రాయమల్లు, గుంటలో కాళ్ళు వేలాడేసుకొని కూర్చునేవారు. గుంటలో మగ్గం వెడల్పంతా రెండు చెక్కలు. ఎడమకాళ్ళు రెండూ కలిసి ఒకదాన్ని, కుడికాళ్ళు రెండూ కలిసి ఇంకోదాన్ని తొక్కితేనే పడుగు సమంగా విచ్చుకునేది. పేక దూర్చి, ఇనుప పళ్ళ పంజాతో దిగ్గొట్టి, మళ్ళీ తొక్కాలి. తండ్రి వాళ్ళను అక్కడ కూర్చోబెట్టి ఇరవై ఏళ్ళయింది. అంత కాలంలో 'ఇప్పుడు తొక్కు' అని ఒకరికొకరు చెప్పుకోవలసిన అవసరం రాలేదు. సగం పొద్దు మాటల్లేకుండానే గడిచిపోయేది. రాయమల్లుకు లోకంలో తనదనిపించే చోటు అదొక్కటే.

ఇప్పుడు అతని ఎడమకాలు వెనకబడుతోంది. అన్న కాలు దిగాక ఇతని కాలు దిగేది. చెక్క ఒకవైపు వాలేది, ఎడమ అంచు వదులుగా వచ్చేది. రాయమల్లు ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. వంగి గుంటలోకి చూస్తూ తొక్కితే కాలు మాట వినేది. చూపు పక్కకు పోయిందంటే అది ఎక్కడుందో తనకే తెలిసేది కాదు.

"ఏందిరా, గుంటల పామేమన్న పన్నదా? వంగి వంగి చూస్తానవ్?" అన్నాడు యాకయ్య ఒకరోజు.

"కాలు జర మొద్దుబారిందన్నా."

"కాలా, బుద్దా?"

ఆ మాట వెనక ఇంకో సంగతి ఉంది. అంతకు ముందటి దసరాకు రాయమల్లు, నోరు జారి, తనకంటూ ఒక చిన్న మగ్గం వేసుకుంటే ఎట్లుంటుందని భార్య కట్టమ్మతో అన్నాడు. అది గోడ దాటి అన్న చెవిన పడింది. యాకయ్య దాన్ని లోపల దాచుకున్నాడు.

చెక్క వాలడం ఆగలేదు. యాకయ్యే తమ్ముణ్ణి వాతలు పెట్టే కట్టయ్య దగ్గరికి తీసుకుపోయాడు. కాళ్ళు పడిపోయినా, నడుము పట్టేసినా కట్టయ్య పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టేవాడు. వాతకు ఉలిక్కిపడని కాలు చచ్చిన కాలని, దానికి మందులేదని అతని లెక్క. ఆ లెక్కను వాడకట్టులో ఎవరూ తప్పుపట్టింది లేదు. నడవని ఎడమకాలి పిక్క మీద కొమ్ము ఆనించగానే రాయమల్లు పెట్టిన కేకకు కట్టయ్యే జడుసుకొని వెనక్కి జరిగాడు. ఆ కాలికి నొప్పి మామూలు కన్నా రెండింతలు తెలిసింది.

"ఈ కాలుకేం రోగంలేదు యాకన్నా. నిప్పు తెలిసిన కాలుకు నడక తెల్వదా? నీ తమ్ముడు కావాలనే ఈడుస్తాండు" అని తేల్చేశాడు కట్టయ్య.

తిరిగొచ్చే దారిలో అన్న ముందు నడిచాడు. తమ్ముడు కాలీడ్చుకుంటూ వెనక నడిచాడు. ఇంటి దగ్గరికొచ్చాక యాకయ్య ఆగాడు.

"చిన్న మగ్గం ఏసుకోవాలనుంటే నాతోని చెప్పాలె. ఇట్ల కుంటి ఏశం దేనికి?"

"అన్నా, అమ్మతోడు..."

"అమ్మను తియ్యకు ఇందుల."

మరుసటి వారం రాయమల్లు చోట్లో యాకయ్య బావమరిది సారయ్య కూర్చున్నాడు. ఇరుకు సందులో ఆ మగ్గం చప్పుడు రాయమల్లు ఇంట్లోకి బాగా వినిపించేది. పంజా దెబ్బలు రెండూ కలిసి పడటం లేదని, ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయని అతను వింటూ కూర్చునేవాడు. చేతులు ఊరికే ఉండలేక కట్టమ్మతో కలిసి నూలు కండెలు చుట్టేవాడు. అది ఆడవాళ్ళ పని. దారిన పోయేవాళ్ళు "ఏం రాయమల్లక్కా, మంచిగున్నవా" అని నవ్వేవారు. కొన్నాళ్ళకు నవ్వడం కూడా మానేశారు. మానేయడమే ఎక్కువ బాధనిపించింది. తను నటించడం లేదన్న సంగతి తనకొక్కడికే తెలుసు. ఒక్కొక్క సాయంత్రం అదీ నమ్మకంగా తెలిసేది కాదు. నిప్పు తెలిసినప్పుడు నడక ఎందుకు రాదు? తనే లోపల ఎక్కడో కాలును వదిలేశాడేమో.

దీపావళి ముందు నూలుకు రంగు వేస్తున్నారు. పెరట్లో గంగాళం కుతకుత ఉడుకుతోంది. రాయమల్లు పీట మీద కూర్చొని కర్రతో నూలును తిప్పుతున్నాడు. కట్టమ్మ లోపలి నుంచి ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది.

"ఏం మాడుతాంది? వాసనొస్తాంది."

చూస్తే, అతని కుడి పిక్క గంగాళానికి ఆనుకొని ఉంది. మంచి కాలు, నడిచే కాలు. తోలు తెల్లగా ఉబ్బి ఊడిపోతోంది. అతను కర్ర తిప్పుతూనే ఉన్నాడు.

కట్టమ్మ నెత్తి కొట్టుకుంది. "కాల్తాంటె తెల్వదా నీకు? గుంజుకో, గుంజుకో!"

అతను లాక్కున్నాడు. కాలు చెప్పిన మాట వింది. నొప్పి మాత్రం లేదు. చేత్తో ముట్టుకున్నాడు. ముట్టుకున్నట్టు తెలిసింది, కాలినట్టు తెలియలేదు. అప్పుడు నిజంగా భయపడ్డాడు.

కాలిన పుండుకు కట్టు కట్టించుకుందామని దవాఖానకు పోయారు. కట్టు కట్టే గది దగ్గర తాహెరా బేగం అనే డాక్టరమ్మ ఉంది. చదువు ముగించుకొని కొత్తగా పనిలో చేరిన మనిషి, గొంతులో ఇంకా విద్యార్థి తొందర. పుండు చూసి వెళ్ళబోతూ, రాయమల్లు ఎడమకాలు ఈడ్చడం చూసి ఆగిపోయింది.

"కాలింది కుడిది గదా. ఎడమది ఎందుకు గుంజుతానవ్ అన్నా?"

"అది వేరే కత డాక్టరమ్మా. అది నడవది. ఇది కాల్తే తెల్వది."

ఆమె వెంటనే బల్ల మీద పడుకోమంది. కళ్ళు మూసుకోమని గుండుసూదితో పొడుస్తూ పోయింది. కుడికాలి మీద, కుడి తొడ మీద, పొట్ట మీద బొడ్డుకు నాలుగువేళ్ళ పైదాకా సూది ఊరికే ముట్టినట్టే ఉంది. ఆ గీత దాటగానే చురుక్కుమంది. తరవాత ఎడమ బొటనవేలు పట్టుకొని పైకి కిందికి కదిపి, "ఇప్పుడు వేలు పైకున్నదా, కిందికున్నదా?" అని అడిగింది. చెప్పలేకపోయాడు. కుడివేలైతే ఒక్కసారి కూడా తప్పలేదు. చివరికి ఎడమ అరికాలును తాళంచెవితో గీసింది. బొటనవేలు మెల్లగా పైకి లేచింది. కుడి అరికాలు గీస్తే కిందికి ముడుచుకుంది.

"ఇది చూడమ్మా" అని కట్టమ్మను పిలిచింది. "పెద్దోళ్ళకు వేలు కిందికి పోవాలె. పైకి లేచిందంటె లోపల దారి చెడ్డట్టే. ఇది మనిషి చేతుల లేదు. ఎంత నాటకాలోడైనా దీన్ని ఆడలేడు."

కట్టమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రాయమల్లు పైకప్పు వైపు చూస్తూ, "ఆ మాట ఇంకోపాలి అనుండ్రి" అన్నాడు.

అతని సంచిలో బజారులో ఇవ్వాల్సిన నూలు చిలపలు, పోగుల చుట్టలు, ఉన్నాయి. డాక్టరమ్మ అతన్ని బోర్లా తిప్పి, మూడు రంగుల పోగులు వీపు పొడవునా పరుస్తూ, ఒక్కోదాని దారీ చెప్పింది. తెల్లపోగు తల నుంచి హుకుం మోసుకొచ్చేది. తలకు కుడిపక్క బయలుదేరి, మెడకు పైన ఎడమపక్కకు దాటి, ఎడమకాలి దాకా దిగుతుంది. నీలిపోగు కాలు ఎక్కడుందో కబురు మోసేది. ఎడమకాలి నుంచి ఎడమపక్కనే ఎక్కి, మెడ దాటాకగానీ కుడిపక్కకు మళ్ళదు. ఎర్రపోగు నొప్పినీ వేడినీ మోసేది. అది మాత్రం కుడికాలి నుంచి వచ్చి వీపులో అడుగుపెట్టగానే ఎడమకు దాటి, అక్కణ్ణుంచి ఎడమపక్కనే పైకి పోతుంది.

"ఇగో, ఇక్కడ" అని అతని వీపు నడుమ ఎడమపక్కన వేలు పెట్టింది. "ఇక్కడ ఏదో గడ్డ ఒత్తుతాంది. తెల్లది, నీలిది ఎడమకాలువి. ఎర్రది కుడికాలుది. మూడూ ఇక్కడనే నలుగుతానయ్."

రాయమల్లు కళ్ళ ముందు మగ్గం కనిపించింది. పడుగులో ఒక్కచోట ముడిపడితే బట్టలో రెండు వేరే వేరే చోట్ల తప్పు వస్తుంది. ముడి సంగతి తెలియనివాడు రెండింటికీ నేసినవాణ్ణే తిడతాడు.

"నిప్పు కబురు ఒక దారిన పోతది, నడక హుకుం ఇంకో దారిన వస్తది. అంతేనా డాక్టరమ్మా?"

"అంతే అన్నా. హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకోవాలె. ఆలస్యం చేస్తె రెండు కాళ్ళూ పోతయ్. తోడు ఎవరున్నరు?"

రాయమల్లు మూడు పోగులూ ఏరి చేతికి చుట్టుకున్నాడు. "అన్న ఉన్నడు" అన్నాడు.

ఆ సాయంత్రం యాకయ్య మగ్గం దగ్గరే ఉన్నాడు. సారయ్య వెళ్ళిపోయాడు. మగ్గం మీది జంపఖానా ఎడమ అంచు అలలు అలలుగా ఉంది. రాయమల్లు మూడు పోగులూ పడుగు మీద పరిచి, ఆమె చెప్పినట్టే దాటించి చూపించాడు. మాటలకు తడుముకున్నాడు. పోగులను దాటించడంలో మాత్రం తడబడలేదు. యాకయ్య వంగి చూస్తున్నాడు. ఎర్రపోగు దాటేచోట వేలు పెట్టి అడిగాడు.

"ఇది ఇక్కడనే ఎందుకు దాటుతది? తెల్లదాని లెక్క పైన దాటొచ్చుగదా?"

"ఏమో అన్నా. పడుగు మనమేసింది కాదాయె."

యాకయ్య ఏదో గుర్తుకొచ్చినట్టు గుంటలోకి చూశాడు.

"నువ్వు కిందికి చూసుకుంట తొక్కినప్పుడు అంచు మంచిగనే వచ్చేది" అన్నాడు మెల్లగా. "పైకి చూసినప్పుడే చెడేది. నేను దినాం చూసిన. ఏశమేసేటోడు చూసుకుంట కూడ తప్పు తొక్కుతడుగదరా."

అని, కింద కూర్చొని, తమ్ముడి ఎడమపాదం పట్టుకున్నాడు.

"అన్నా! నువ్వు నా కాలు ముట్టుడేంది? నాకు పాపం తగుల్తది!" రాయమల్లు లాక్కోబోయాడు. కాలు అనుకున్నంత వేగంగా రాలేదు.

"నోర్ముయ్. కండ్లు మూసుకో. ఏలు పైకున్నదా, కిందికున్నదా?"

"...పైకి."

యాకయ్య చేతిలో వేలు కిందికి ఉంది. ఇంకోసారి కదిపాడు. మళ్ళీ తప్పు చెప్పాడు. మూడోసారి అడగలేదు. పిక్క మీది వాతమచ్చ మీద చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నాడు.

హైదరాబాద్‌కు అతనే తోడు వెళ్ళాడు. వీపులో నుంచి చింతగింజంత గడ్డ తీశారు. ఇంత చిన్నదా అని యాకయ్య అడిగితే, ఆ చోటికి ఇదే పెద్దదన్నారట. ఎడమకాలు సగానికి తిరిగొచ్చింది. కర్ర పట్టుకొని నడిచేంత. కుడికాలికి వేడి మళ్ళీ తెలియలేదు. తెలియని కాలిని రోజూ కంటితో చూసుకోవాలని, ముల్లు దిగినా, పుండు పడినా అదే చెప్పదని, ఊరికి వచ్చాక తాహెరా బేగం మరీ మరీ చెప్పింది.

రాయమల్లు మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టాడు. ఎడమచెక్కను యాకయ్య తన ఎడమకాలితో ఒక్కడే తొక్కేవాడు. దానికోసం చెక్కను నడిమికి జరిపి, బరువు తగ్గించి మళ్ళీ కట్టాడు. కుడిచెక్కను మాత్రం ఇద్దరూ తొక్కేవారు. పాత వేగం రాలేదు. నాలుగు రోజుల జంపఖానాకు ఏడు రోజులు పట్టేది. ఏళ్ళు గడిచేకొద్దీ పందిళ్ళలో జంపఖానాలు తగ్గి కుర్చీలు వచ్చాయి. ఎనభై ఐదు నాటికి ఆ సందులో మగ్గాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఇద్దరికీ నడుములు నొచ్చేవి. మధ్యాహ్నానికే పంజా చేతికి బరువయ్యేది. అయినా పొద్దున్నే గుంటలో కాళ్ళు పెట్టేవారు.

పొద్దు వాలేముందు పని ఆపేవారు. యాకయ్య ముందు గుంటలోంచి లేచి, పక్కనే నేల మీద కూర్చునేవాడు. తమ్ముడి కుడికాలును ఒళ్ళో పెట్టుకొని వెలుతురుకు తిప్పేవాడు. మడమ, వేళ్ళ సందులు, పిక్క మీది పాత కాలిన మచ్చ, అన్నీ చూసేవాడు. మొదట్లో రాయమల్లు కుంచించుకుపోయేవాడు. పదేళ్ళలో అదీ అలవాటైంది. కట్టమ్మ ఒకసారి, "బావా, నేను చూస్తగదా, ఇడిచిపెట్టుండ్రి" అంటే, "నువ్వు తొందరపడుతవు" అన్నాడు. వాత సంగతి ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు.

ఒకరోజు మడమలో రేగుముల్లు దొరికింది. లోతుగా దిగి, చుట్టూ నల్లబడింది. యాకయ్యకు చూపు ఆనడం లేదు. సూది పట్టుకొని తడుముతూ తవ్వుతున్నాడు. నెత్తురొచ్చింది.

"నొస్తాందా?"

"లేదన్నా."

"నిజంగ?"

రాయమల్లు నవ్వాడు. "పొడువు. నాకేం తెల్వదు."

యాకయ్య పొడవలేదు. సూది పక్కన పెట్టి, కట్టమ్మను వేడినీళ్ళు తెమ్మన్నాడు. తేగానే తన చెయ్యి ముంచి చూశాడు. ఇంకొంచెం చన్నీళ్ళు పొయ్యమన్నాడు. మళ్ళీ ముంచాడు. అప్పుడుగానీ తమ్ముడి కాలును అందులో పెట్టలేదు.