నులిపురుగుల శ్యామలత్తయ్య

మాట ఎక్కడ మొదలైనా మా శ్యామలత్తయ్య దాన్ని నులిపురుగుల దగ్గరికి తీసుకెళ్లందే వదలదు. తిరువూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. మా చెల్లెలు శర్వాణి నిశ్చితార్థంలో సేమ్యా పాయసం వడ్డిస్తుంటే, దాని వంక ప్రేమగా చూస్తూ మొదలుపెట్టింది. పెళ్లికొడుకు తండ్రి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"అవి మహా లౌక్యం తెలిసినవే! ఒంట్లో కాపలావాళ్లతో గొడవ పెట్టుకోవు. ఏవో రసాలు వదిలి, 'మేం మీవాళ్లమే, పడుకోండి' అని జోకొడతాయి" అంది.

మొన్న వానాకాలం మా పక్కింటి సుబ్బరత్నంగారికి ఆయాసం ముంచుకొచ్చింది. కిరాణా కొట్టు వాళ్లది. కొడుకు సతీష్‌కుమార్, అత్తయ్య, నేను ఆసుపత్రికి తీసుకెళ్లాం. మాస్కు పెట్టి మందు పీల్పిస్తూ డాక్టర్ శ్రీనాథ్ అన్నాడు: "స్టెరాయిడ్ మొదలుపెడదాం."

"ఆగండి! మోషన్ టెస్టు చేశారా?" అంది అత్తయ్య.

వార్డంతా ఇటు తిరిగింది. నేను ఆవిడ కొంగు లాగాను. "ఇక్కడ కూడానా అత్తయ్యా?"

"నువ్వుండవే. డాక్టరుగారూ, ఈవిడ వినగడపలోని మామిడితోటలో చెప్పుల్లేకుండా తిరుగుతుంది. అరికాళ్లు దురదని ఎప్పుడూ అంటుంది. మట్టిలోంచి పాదాల్లో దూరే పురుగుంది. ఏళ్ల తరబడి కాపలావాళ్లని జోకొట్టి అణిగి ఉంటుంది. స్టెరాయిడ్ వేస్తే ఉన్న కాస్త కాపలా పోయి ఒళ్లంతా పాకేస్తుంది."

డాక్టర్ నవ్వలేదు. రక్తపరీక్ష కాగితం మళ్లీ చూశాడు. "అనుమానించాల్సిందేనండి. ఆక్సిజన్ నిలబడినంతసేపు ఆగుతాను. పడిపోతే మాత్రం ఆగను."

నర్సు పుష్పలత టెస్టుకి డబ్బా తెచ్చి ఇవ్వబోతే సుబ్బరత్నంగారు మాస్కు పక్కకి లాగేశారు. "ఇంతమందిలో ఆ డబ్బా పట్టుకుని... నావల్ల కాదు టీచరుగారూ. చచ్చినా ఇవ్వను."

"అమ్మా, నీకు దణ్ణం పెడతానమ్మా!" సతీష్ చేతులు జోడించాడు. మిషను మీద ఆక్సిజన్ అంకె ఒక మెట్టు దిగింది. కాసేపటికి ఇంకో మెట్టు. డాక్టర్ చేయి ఇంజెక్షన్ ట్రే వైపు కదిలింది.

అత్తయ్య ఒక్కసారిగా గొంతెత్తింది. "పుష్పలతా! నాకూ ఒక డబ్బా ఇవ్వమ్మా! శ్యామలాంబ అని పెద్దక్షరాలతో రాయి!"

నర్సు బిత్తరపోయి ఇచ్చింది. అత్తయ్య వెళ్లి వచ్చి, ఆ డబ్బా తలకంటే ఎత్తుగా పట్టుకుని, "జరగండి, జరగండి, ఒలికిపోతుంది!" అంటూ వార్డు మధ్యలోంచి నడిచింది. జనం ముక్కులు మూసుకున్నారు, పకపకా నవ్వారు. అందరి కళ్లూ ఆవిడ మీదే. తన డబ్బాతో తెర వెనక్కి వెళ్లిన సుబ్బరత్నంగారిని ఒక్కరూ చూడలేదు.

అంకె ఇక దిగలేదు, డాక్టర్ ఆగాడు. ల్యాబు తలుపు తెరుచుకునేదాకా మేం ఎవరం కూర్చోలేదు. సుబ్బరత్నంగారి డబ్బాలో పురుగు పిల్లలు బతికే ఉన్నాయి, కదులుతున్నాయి. ముందు వాటికి మందు పడింది, ఆ తర్వాతే స్టెరాయిడ్. సాయంత్రానికి ఆయాసం లొంగింది. సుబ్బరత్నంగారు అత్తయ్య చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బయటికి వస్తూ అడిగాను. "అంతమందిలో సిగ్గెయ్యలేదా అత్తయ్యా?"

"ఎందుకెయ్యదే? చెవులు కాలిపోయాయి" అంది.

ఇంతలో డాక్టర్ పిలిచాడు. "టీచరుగారూ, మీ రిపోర్టు శుభ్రంగా ఉందండి. ఏమీ లేవు."

అత్తయ్య మొహం చిన్నబోయింది. "ఒక్కటి కూడానా? ఇంకోసారి చూడమనండి."