సరిహద్దు మీద వంటిల్లు

పొద్దున ఏడింటికి వల్లి గ్యాస్ పొయ్యిని వెనక వసారాలోంచి తెచ్చి ముందు గదిలో టీవీ బల్ల మీద పెట్టింది. సిలిండర్ని కూతురు తేన్మొళి దొర్లించుకొచ్చింది. పదకొండింటికి గ్రామాధికారి ఇల్లు చూడ్డానికి వస్తాడు. అప్పటికి వంట పుదుచ్చేరిలో జరుగుతున్నట్టు కనబడాలి.

ముందు గది పుదుచ్చేరి, వసారా తమిళనాడు. ఆ వరసలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పంచుకున్న నేల ఇక్కడ ముక్కలు ముక్కలుగా మిగిలింది. పుదుచ్చేరి టౌన్లో, పుదుచ్చేరిదే అయిన బాహూరుకి బస్సెక్కితే దారిలో తమిళనాడు వచ్చి పోతుంది. కారైకాల్ దక్షిణాన, మాహె కేరళ ఒడ్డున, యానాం కాకినాడ దగ్గర. అన్నీ ఒకే పుదుచ్చేరి ప్రభుత్వం కింద. వల్లి మామ మునుసామి బట్టల మిల్లులో మగ్గం నడిపి ముందు గది కట్టాడు. మిల్లు మూతబడ్డాక, వెనక స్థలం చవగ్గా వస్తే రేకుల వసారా వేశాడు. సరిహద్దు గీత దాటిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు పట్టించుకోక తప్పలేదు. తేన్మొళికి నర్సింగ్ సీటు స్థానికుల కోటాలోనే రావాలి. దానికి ఐదేళ్లుగా పుదుచ్చేరిలోనే ఉంటున్నట్టు సర్టిఫికెట్ కావాలి. తండ్రి ఏలుమలై సేదరాపట్టులో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ కూలి. బయట ఫీజు కట్టి చదివించే మాట ఆ ఇంట్లో ఎత్తరు.

పక్కింటి రాజాత్తి గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏంది వల్లీ, పొయ్యికి ట్రాన్స్‌ఫర్ వచ్చిందా?"

"నువ్వు పో అత్తా. ఆయన వచ్చే టైము."

"యాడికి పోయేది? గోడ దాటితే నేను వేరే రాష్ట్రం."

గ్రామాధికారి కదిరవన్ పదకొండూ ఇరవైకి వచ్చాడు. ఇంటి పన్ను రసీదులు, రేషన్ కార్డు చూసి తలూపాడు. తర్వాత టీవీ బల్ల వైపు చూశాడు. పొయ్యి వెనక గోడ మీద ఒక్క నూనె మరక లేదు.

"వంట ఇక్కడేనా?"

"ఇక్కడే సార్."

ఆయన పిల్ల వైపు తిరిగాడు. "రోజూ ఇక్కడేనామ్మా?"

తేన్మొళి అమ్మని చూసింది. "ఈరోజు ఇక్కడ" అంది.

కదిరవన్ నవ్వలేదు. "పొయ్యి యాడున్నా నాకు పని లేదు. పన్ను ఎటు కడతారు, తలుపు ఎటుంది, అదీ నేను చూసేది. మీరు దాన్ని మోసుకొచ్చారు గనక వెనక ఏముందో చూడాల్సొస్తుంది."

వెనక గోడకి కరెంటు మీటరు ఉంది. ఆయన వంగి నంబరు చదివాడు.

"ఇది తమిళనాడు సర్వీసు. ఎవరి పేరు మీద?"

అక్కడ మొదటి వంద యూనిట్లు ఉచితం. నాలుగేళ్ల కిందట వరసంతా తీసుకుంటుంటే వల్లీ తీసుకుంది. 'ఈ చిరునామాలో నివసిస్తున్నాను' అని ఉన్న వాక్యం కింద సంతకం పెట్టింది. తమిళం చదవడం ఆమెకు బాగా వచ్చు. ఆ వేళ చదివే పెట్టింది.

"నా పేరే సార్. రేపే పీకించేస్తా."

"ఇప్పుడు పీకిస్తే నాలుగేళ్లు ఆ పక్క కాపురం చేసినట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఉండనీయండి. ఇల్లు ఎటు ఎంత పడుతుందో సర్వేయరు చేత కొలిపిద్దాం." మీటరు పక్కన వేలాడుతున్న కార్డు మీద కనెక్షన్ ఇచ్చిన తేదీ చూసి రాసుకుని ఆయన బండెక్కాడు.

"నేను గమ్మునుంటే సరిపోయేదామ్మా?" అంది తేన్మొళి.

"నువ్వేం చేసినావు. నేను పొయ్యి కదిలించకుంటే ఆయన వెనక్కే వచ్చుండడు."

మధ్యాహ్నం ఇద్దరూ పొద్దున మిగిలిన చద్దన్నమే తిన్నారు. పొయ్యిని ఏ గదిలో ఉంచాలో వల్లికి తేలలేదు.

సర్వేయరు గురువారం వస్తాడు, ఆయన కొలిచాకే సర్టిఫికెట్ సంగతి తేలేది. నర్సింగ్ దరఖాస్తులకు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.