బెల్లం కలిపిన పెండలం

నా చిన్నప్పుడు చేసిన తప్పొకటి, మొన్న ఆదివారం మా పక్కింటావిడ పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఆవిడకేం తెలుసు పాపం.

నేనుండేది కేంబ్రిడ్జ్‌లో, మా అమ్మాయి ఇంట్లో. పక్కింటావిడది ఫిలిప్పీన్స్‌కి దక్షిణాన బసిలాన్ అనే దీవి. ఆవిడా మా అమ్మాయీ ఒకే వేర్‌హౌస్‌లో పని చేస్తారు. నన్ను లోలా అని పిలుస్తుంది. వాళ్ళ దేశంలో అమ్మమ్మని అలా అంటారట. ఊరినించి ఎవరొచ్చినా నాకో వాటా పంపుతుంది. ఎండుచేప, కాఫీ పొడి, ఒకసారి వాళ్ళ మగ్గం మీద నేసిన గుడ్డ. ఎరుపూ పసుపూ గళ్ళతో, వెనక్కి తిప్పి చూసినా ఒక్క పోగు తప్పు లేదు. ఆదివారం పళ్ళెం మీద అలాంటి గుడ్డే కప్పి తెచ్చింది. తీస్తే తెల్లటి ముక్కలు, పైన కొబ్బరికోరు, బెల్లం రంగు చక్కెర. పేరు పుటు అంది. దేంతో చేశావని సైగ చేస్తే ఫోన్లో బొమ్మ చూపించింది. కర్రపెండలం.

ఆవిడ అలా వెళ్ళగానే నేను తలుపేసి వచ్చేసరికి మా మనవరాలు రెండు ముక్కలు తినేసింది. పదేళ్ళ పిల్ల.

"చేదుందా?" అన్నాను.

"నో అమ్మమ్మా, ఫుల్ స్వీట్."

చేదుగా ఉందంటే ఉమ్మించేదాన్ని. తియ్యగా ఉందంటేనే నాకు భయం.

నాకు యాభై దాటాక గానీ అక్షరాలు రాలేదు. చుట్టూ తిప్పి రాయడం చేతకాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను. మాది పెద్దాపురం వైపు. సగ్గుబియ్యం మిల్లులకి బళ్ళ మీద పెండలం దుంప దిగేది. మిల్లు దుంప వేరు, ఇంట్లో ఉడకేసుకునే దుంప వేరు. మిల్లు దుంప చేదు, విషం. దాని తొక్కలు తిని మేకలు చచ్చిపోవడం మేమెరుగుదుం. కానీ మట్టితో ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ ఆ మిల్లులోనే తొక్క తీసే పనికి వెళ్ళింది. నాలుగేళ్ళ చెల్లెలు ఆకలని ఏడుస్తోంది. బండి మీంచి జారిపడ్డ దుంపలు రెండు లంగాలో కట్టుకొచ్చి ఉడకేశాను.

చెల్లెలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చేదు అని ఉమ్మేసింది. నేనూ నాలిక్కి రాసి చూశాను. చేదే. అప్పుడు నేనేం చేశానంటే, ఉట్టి మీది బెల్లం గడ్డ దించి, చిదిమి, దుంపలో కలిపేశాను. ఆకలి తీరాలి, ఏడుపు మానాలి, అంతే నా ఆలోచన. పిల్ల లొట్టలేసుకుంటూ తింది. నేను మాత్రం తినలేదు.

కాసేపటికి కళ్ళు తిరుగుతున్నాయంది. వాంతి చేసుకుంది. తర్వాత మాట్లాడ్డం మానేసింది. ఒంట్లో ఎముకలు లేనట్టు నా ఒళ్ళోకి వాలిపోయింది. వాంతి చేసుకున్న అలికిడికి పక్కింటి అక్క వచ్చింది. జాకెట్లు కుట్టి బతికే మనిషి, మెళ్ళో ఎప్పుడూ టేపు వేలాడుతుండేది.

"ఏం పెట్టావే దీనికి?"

"పెండలం."

"ఎక్కడిది?"

"అమ్మ తెచ్చింది."

"చేదుందా?"

"లేదక్కా, తియ్యగా ఉంది."

అది అబద్ధం కూడా కాదు చూడండి. అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను. తన్నులు పడతాయని భయం. మిల్లులో తెలిస్తే అమ్మ పని పోతుందని ఇంకో భయం. చెల్లెలు చచ్చిపోతుందన్న భయం వాటన్నిటి వెనకాల నిలబడి ఉంది, దాని వైపు చూడటానికి నాకు ధైర్యం లేదు.

అక్క నన్ను కొట్టలేదు, మళ్ళీ అడగలేదు. గిన్నెలోకి, అడుగున కరిగిన బెల్లంలోకి చూసింది. గొంతుక్కూర్చుని మిగిలిన ముక్క తీసుకుని, "అయితే నేనూ తింటా, పొద్దుట్నించీ ఏం తినలేదు" అంది. ముక్క నోటి దాకా వెళ్ళింది. అక్క కళ్ళు నా మీదే ఉన్నాయి. పళ్ళ మధ్య పెట్టుకుంది కూడా. నేను చెల్లెల్ని వదిలేసి అక్క చేతి మీద కొట్టాను. "తినకక్కా, మిల్లు దుంప" అన్నాను.

ఆ ఒక్క మాట కోసమే ఆవిడ కూర్చుంది. పిల్లని భుజాన వేసుకుని గవర్నమెంటు ఆస్పత్రికి పరిగెత్తింది, వెనకాల నేను. దార్లో ఎవరడిగినా, గుమ్మంలో కాంపౌండరు అడిగినా, మిల్లు దుంప తింది, మిల్లు దుంప తింది అని అదే మాట. ఏం తిందో తెలిసింది కాబట్టి వాళ్ళు తడుముకోలేదు. సాయంత్రానికి చెల్లెలు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

అమ్మతో అక్క, తెలీక తిన్నారని మాత్రం చెప్పింది. బెల్లం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, నేను ఆపకపోతే నిజంగా తినేదానివా అని. "ఏమో, నువ్వు ఆపుతావనే అనుకున్నా" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

ఇదంతా మనసులో గిర్రున తిరుగుతుంటే, బూట్లు తొడిగే ఓపిక లేక చెప్పులతోనే మంచులో పక్కింటికి నడిచాను. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేత్తో మనవరాలి రెక్క. పళ్ళెం వెనక్కి తేవడం చూసి ఆవిడ మొహం మాడిపోయింది. నచ్చక తెచ్చాననుకుంది. దుంపలోని విషం నీళ్ళు పిండిందా లేదా అడగవే అని మనవరాలితో అన్నాను.

"అమ్మమ్మా, అలా అడిగితే రూడ్‌గా ఉంటుంది."

"ఉండనీ. అడుగు."

అడిగింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. సింకు దగ్గరికి తీసుకెళ్ళింది. కోరిన పెండలం గుడ్డలో మూటకట్టి, పైన బరువైన రోలు పెట్టి ఉంది. కింద బేసిన్లో తెల్లటి నీళ్ళు. ఇక్కడి షాపుల్లో దొరికేది తీపి రకమేనట, అయినా పిండకుండా వండితే వాళ్ళమ్మ ఊరుకునేది కాదట. వాళ్ళూళ్ళో దీన్ని చప్పగానే, చేపతో తింటారట. చక్కెర మీ పాప కోసం వేశానంది. చప్పటి ముక్కొకటి విరిచి ముందు తను తిని, తర్వాత నా చేతిలో పెట్టింది. తిన్నాను. చేదు లేదు.

అప్పుడు నేనెందుకలా ఉరికొచ్చానో ఆవిడకి చెప్పాలనిపించింది. మనవరాలు ఒక్కో ముక్కే ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. బెల్లం దగ్గర ఆగిపోయింది.

"నీకు తెలుసా, బిట్టర్ అని?"

"తెలుసు."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను. అలాగే చెప్పు."

చెప్పింది. పక్కింటావిడ చేతులు తుడుచుకుని రెండే అడిగింది. చెల్లెలు ఉందా అని. ఉంది అన్నాను. ఆమెకి తెలుసా అని. తెలీదని తల అడ్డంగా ఊపాను.

మర్నాడు పొద్దున్నే, మన దేశంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాను. పలకరింపులేం లేకుండా మొత్తం చెప్పేశాను. అది కోడలితో పొయ్యి తగ్గించమనడం వినిపించింది. దాని నోట ఏ మాట వస్తుందోనని ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

"నాకేం గుర్తు లేదే. నువ్వు పెళ్ళై వెళ్ళేదాకా నా కంచంలోంచి ముందు ఒక ముద్ద నువ్వే తినేదానివి. దీనికి ఆకలెక్కువని తిట్టుకునేదాన్ని."

నాకు ఆ సంగతే గుర్తు లేదు. ఎప్పుడు మొదలైందో తెలీదు. కానీ ఇంట్లో అడిగితే, ఇప్పటికీ అంతేనట. ఎవరి కంచంలో వడ్డించినా నా చెయ్యి ముందు అందులోకి వెళుతుందట.